ముందు భీమిలి దాకా వెళ్ళి రండి

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. గోపాలపట్నంలో ఉంటాం. బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్ళ కిందట వాకింగ్‌తో మొదలుపెట్టి, మెల్లగా పరుగులోకి వచ్చి, రెండు ఫుల్ మారథాన్లు (42 కిలోమీటర్లవి) పూర్తి చేశాను. రెండోది మొన్న చలికాలంలో మన విశాఖ బీచ్ రోడ్డు మీద జరిగిన నేవీ మారథాన్. 5 గంటల 20 నిమిషాలు పట్టింది. మెడల్ వేసుకుని ఇంటికొచ్చిన మర్నాటి నుంచే ఏదో వెలితి. ఇప్పుడు మనసు అల్ట్రా, అంటే మారథాన్ని మించిన పరుగు మీదికి పోతోంది. ఏడాదిలో 100 కిలోమీటర్లు పరిగెత్తాలని, ఎప్పటికైనా సౌతాఫ్రికా వెళ్ళి అక్కడి కామ్రేడ్స్ అల్ట్రా పరుగు చెయ్యాలని ఆశ. ఇంట్లో పరిస్థితి వేరు. మా అమ్మకి డిమెన్షియా, మూడేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ తీసేస్తుంది. నాకు సరిగా నిద్ర ఉండదు. మా ఆయన మంచివారే గానీ, "42 చాలదా, ఇంకా ఎంత దూరం పోతావు?" అంటారు. అత్తగారి వైపు వాళ్ళు మోకాళ్ళు అరిగిపోతాయని భయపెడుతున్నారు. నిజం చెప్పాలంటే, పరిగెడుతున్నప్పుడు మాత్రమే నన్నెవరూ పిలవరు. అల్ట్రా నాకు సాధ్యమేనా? ఎలా మొదలుపెట్టాలి? అమ్మని ఇంట్లో పెట్టుకుని ఇదంతా స్వార్థమా?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం

సమాధానం: అల్ట్రా మీకు సాధ్యమేనండీ. 100 మాత్రం ఈ ఏడాది వద్దు, 50 చెయ్యండి. లెక్క చూసే చెబుతున్నాను. 42.195 కిలోమీటర్లు 5:20లో అంటే కిలోమీటరుకి ఏడున్నర నిమిషాల పైచిలుకు. అల్ట్రాలో ఆ వేగం పట్టుకోలేరు, పట్టుకోకూడదు కూడా. నడక, తిండి, నీళ్ళు, బూట్లు విప్పి మళ్ళీ కట్టుకోవడం అన్నీ కలిపి కిలోమీటరుకి తొమ్మిది నిమిషాలు వేసుకుంటే 50కి ఏడున్నర గంటలు. 100కి దానికి రెట్టింపు సరిపోదు. రెండో సగంలో కాళ్ళు బరువెక్కుతాయి కాబట్టి పదహారో పదిహేడో అవుతుంది. పదిహేడు గంటలంటే సగం రాత్రి, పైన మధ్యాహ్నం ఎండ, రెండూ తగులుతాయి. దానికి తయారవ్వాలంటే వారానికి పది పన్నెండు గంటలు, నెలల తరబడి పెట్టాలి. 50కి ఏడెనిమిది గంటలు చాలు. మారథాన్‌కి మీరు ఆరు గంటలైనా పెట్టే ఉంటారు. అంటే ఇంట్లో కొత్తగా అడగాల్సింది వారానికి గంటన్నర, రెండు గంటలు. అది దొరుకుతుంది. అంతకు మించి దొరికేది మీ నిద్రలోంచే, అందులో ఇప్పటికే ఏమీ మిగల్లేదు.

మారథాన్ దాటిన ఏ దూరమైనా అల్ట్రానే. 50 అంటే మీరు చేసినదాని కన్నా ఎనిమిది కిలోమీటర్లే ఎక్కువ. అందుకే చాలామంది దీన్ని పొడుగాటి మారథాన్ అనుకుని దెబ్బ తింటారు. మారథాన్‌లో నడిస్తే తప్పు చేసినట్టు ఫీలవుతాం, వాచీ చూసుకుంటూ బాధపడతాం. ఇక్కడ మొదటి గంట నుంచే, ఒంట్లో శక్తి పొంగుతున్నప్పుడే నడవాలి. తొమ్మిది నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు చురుకైన నడక. ఎత్తు వస్తే మాట్లాడకుండా నడిచెయ్యడమే. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర "ఇంత మెల్లగానా" అని సిగ్గనిపించాలి. అలా అనిపించకపోతే మీరు ఎక్కువ వేగంగా వెళ్తున్నట్టే.

క్లిఫ్ యంగ్ కథ మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. 1983లో 61 ఏళ్ళ ఆస్ట్రేలియా బంగాళాదుంపల రైతు సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి 875 కిలోమీటర్లు, 5 రోజుల 15 గంటల్లో పరిగెత్తి గెలిచాడు. ఆ కథని మనవాళ్ళు "నిద్రపోకుండా పరిగెత్తాడు కాబట్టి గెలిచాడు" అని పంచుతారు. నాకు మాత్రం అందులో పనికొచ్చేది ఆయన కాళ్ళు నేలకి రాసుకుంటూ వేసిన ఆ పొట్టి అడుగులే. మోకాలు పైకి లేపకుండా, పాదం శరీరం కిందే పడేలా, చప్పుడు లేకుండా. నిద్ర సంగతి మీరు ఆయన దగ్గర నేర్చుకోకండి.

ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు భయం వేసింది మోకాళ్ళ గురించి కాదు, రాత్రి రెండింటి గురించి. పరుగు కండరాన్ని దెబ్బ తీస్తుంది, బాగు చేసేది నిద్ర. అది లేనప్పుడు అదే 25 కిలోమీటర్లు మీకు మేలు చెయ్యకపోగా చీలమండలోనో, పిక్క ఎముకలోనో ఓ సన్నని పగులై తేలుతుంది. కాబట్టి ఒక నియమం: ముందు రాత్రి ఐదు గంటల కన్నా తక్కువ పడుకుంటే ఆ పొద్దున లాంగ్ రన్ (వారాంతపు పెద్ద పరుగు) లేదు. అరగంట నడిచి వచ్చెయ్యండి, లేదా పడుకోండి. పోయిన రన్‌ని వచ్చే వారంలోకి తోసి దానికి కలపకండి, పోయిందంతే. ఇంకోటి, తలుపుకి గడియ మార్చడం, చప్పుడు చేసే చిన్న డోర్ అలారం పెట్టడం లాంటివి ఎప్పుడో చెయ్యాల్సిన పనులు. అలారం ఉంటే ఇప్పటిలా ప్రతి అలికిడికీ లేవక్కర్లేదు.

ఇక మీరు చివర్లో రాసిన వాక్యం. "పరిగెడుతున్నప్పుడు మాత్రమే నన్నెవరూ పిలవరు." స్వార్థమా అని అడిగారు గానీ, జవాబు ఆ వాక్యంలోనే ఉంది. మూడేళ్ళుగా ఒక మనిషిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకి రోజూ ఓ గంట తమది అంటూ కావాలి. అది హక్కు, దానికి మెడల్ అక్కర్లేదు. నాకు ఇబ్బందిగా తోచింది వేరే సంగతి: ఆ గంట దొరకడానికి మీరు పరుగునే సాకు చేసుకోవాల్సి వస్తోంది. 10 అంటే గంట దొరికింది, 42 అంటే ఆదివారాలు దొరికాయి, 100 అంటే ఇంకొంచెం దొరుకుతుందేమో అని లోపల ఎక్కడో ఉంది. అలా అయితే కాలికి దెబ్బ తగిలి నెల రోజులు పరుగు ఆగినప్పుడు మీకు గాలాడదు. ముందు పరుగుతో సంబంధం లేకుండా వారానికి రెండు సాయంత్రాలు ఎవరో ఒకరు అమ్మ దగ్గర ఉండే ఏర్పాటు చెయ్యండి. తోబుట్టువులుంటే నెలకి రెండు శనివారం రాత్రులు వాళ్ళని అడగండి. లేకపోతే డబ్బిచ్చి మనిషిని పెట్టుకోండి. బూట్ల మీద పెట్టే డబ్బు కన్నా అది మీ పరుగుకి ఎక్కువ ఉపయోగం. ఆ సాయంత్రాల్లో పరిగెత్తకండి. సినిమాకి వెళ్ళండి, నిద్రపోండి. అప్పటికీ అల్ట్రా మీద ఆశ అలాగే ఉంటే, అది పరుగు మీద ఆశే.

ఉంటుందనే నా నమ్మకం, అందుకే మిగతాది రాస్తున్నాను.

మీది బ్యాంకు ఉద్యోగం కావడం ఒక వరం. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. అల్ట్రాకి తయారయ్యేవాళ్ళు ఒకే రోజు 45 పరిగెత్తరు, రెండు రోజులు వరసగా పరిగెత్తుతారు. శనివారం అలసిన కాళ్ళతోనే ఆదివారం మళ్ళీ బయల్దేరడం, ఇదే అసలు సాధన. శనివారం 18, ఆదివారం 12 కిలోమీటర్లతో మొదలుపెట్టి, నెలకి కొంచెం పెంచుకుంటూ నవంబర్ నాటికి 28, 16 దాకా తీసుకెళ్ళండి. మిగతా శనివారాలు బ్యాంకు ఉంటుంది కాబట్టి ఆ వారాలు సహజంగానే తేలిక వారాలవుతాయి. పనిరోజుల్లో రెండు పొద్దులు చాలు. ఒక పొద్దు ఎనిమిది కిలోమీటర్లు హాయిగా, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేలా. రెండో పొద్దు కొండ.

కొండకి మీరు కైలాసగిరి దాకా రానక్కర్లేదు, సింహాచలం మీ ఇంటి పక్కనే. మెట్ల దారి వద్దు. అవి పసుపు కుంకుమ పెట్టి మొక్కుకునే మెట్లు, వాటి మీద బూట్లేసుకుని వ్యాయామం చేస్తే నలుగురూ ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. ఘాట్ రోడ్డు వాడుకోండి. ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు మెల్లటి పరుగు. అందరూ ఎక్కడమే కష్టం అనుకుంటారు గానీ, తొడల్ని నలిపేది దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మొయ్యాలి, మర్నాడు మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చేది అందుకే. రెండు మూడు నెలలు దిగితే ఆ కండరం దానికి అలవాటు పడుతుంది. వంపుల్లో బండ్లు వస్తాయి, ఎదురుగా వచ్చేవి కనపడే వైపే ఉండండి.

వేసవిలో మన ఊళ్ళో సాధన పెంచకండి. మే నెలలో తెల్లారి ఐదింటికే 28 డిగ్రీలుంటుంది, పైగా ఉక్క. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, మన గాలిలో అది ఆరదు, కారుతుంది. నడుము దాటి, పిక్కలు దాటి మేజోళ్ళలోకి దిగుతుంది. పదిహేనో కిలోమీటరుకి బూట్లు పచక్ పచక్‌మని చప్పుడు చేస్తాయి. ఆ నానిన చర్మమే బొబ్బలెక్కుతుంది. ఇక్కడివాళ్ళు రెండో జత మేజోళ్ళు లేకుండా లాంగ్ రన్‌కి వెళ్ళకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం. బూట్లు కూడా అర సైజు పెద్దవి కొనండి. గంటలు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. బ్రా అంచు కింద, చంకల్లో, తొడల మధ్య వాసెలిన్ రాసుకోవడం మర్చిపోతే స్నానం చేసేటప్పుడు గుర్తొస్తుంది.

ఆషాఢంలో మీకో మంచి అవకాశం ఉంది. సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ. మీది గోపాలపట్నం కాబట్టి మీకు చెప్పేదేముంది, చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. ఈసారి మారథాన్ రన్నర్ కళ్ళతో చూడండి. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్, మాధవధార మీదుగా రాత్రంతా నడిచి మళ్ళీ కొండ కిందికి. లక్షల మంది. అందులో పరుగంటే ఏమిటో తెలియని ముసలమ్మలు ఎంతమందో.

వాళ్ళని గమనించండి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, భుజానికి గుడ్డ సంచీ, చేతిలో నీళ్ళ సీసా. ఎవరో టెంటు వేసి మజ్జిగ పోస్తుంటే ఆగుతారు, గ్లాసు పూర్తిగా తాగుతారు. పక్క టెంటులో పులిహోర పొట్లం తీసుకుని గట్టు మీద కూర్చుని తింటారు, పాదాలకి ఇంత బామ్ రాసుకుంటారు, పక్కావిడతో రెండు మాటలాడి లేస్తారు. తొందర ఉండదు, ఆగిపోవడమూ ఉండదు. కుర్రాళ్ళు మొదటి పది కిలోమీటర్లు గబగబా నడిచి ఇసుకతోట దగ్గర ఫుట్‌పాత్ మీద కాళ్ళు చాపుకుని పడి ఉంటే, వీళ్ళు వాళ్ళని దాటుకుని పోతుంటారు. అల్ట్రాలో ఎయిడ్ స్టేషన్ని, అంటే దారిలో తిండి, నీళ్ళు ఇచ్చే చోటుని, ఎలా వాడుకోవాలో ఇంతకన్నా బాగా నేర్పే కోచ్ మన ఊళ్ళో లేడు.

అందులో పరిగెత్తకండి. జనం మధ్య ప్రమాదం, పైగా సందర్భం అది కాదు. నడవండి. ఏడెనిమిది గంటలు కాళ్ళ మీద ఉంటే అరికాళ్ళు పరుగులో ఎప్పుడూ నొప్పెట్టని చోట నొప్పెడతాయి. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా కళ్ళు మూతలు పడతాయి, చిరాకొస్తుంది, ఎందుకొచ్చిన గొడవ అనిపిస్తుంది. ఆ టైములో మీ కడుపు ఏది ఒప్పుకుంటుందో, ఏది తిప్పికొడుతుందో తెలుస్తుంది. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళే ఎక్కువ. మొక్కు ఉంటే మీ ఇష్టం, లేకపోతే అలవాటు లేని పాదాలతో ఆ తారు రోడ్డు మీద పంతానికి పోకండి. మర్నాడు పడుకోవడానికి మాత్రం ముందే ఏర్పాటు చేసుకోండి. అమ్మ దగ్గర ఆ రాత్రీ, మరుసటి పగలూ ఎవరుంటారో అప్పుడే మాట్లాడుకోండి, చలికాలం పెద్ద రోజుకి అది రిహార్సల్ కూడా అవుతుంది.

తిండి దగ్గరే ఎక్కువమంది అల్ట్రా పోగొట్టుకుంటారు. కాళ్ళు ఆగిపోయేవాళ్ళ కన్నా కడుపు ఆగిపోయేవాళ్ళే ఎక్కువమందిని నేను చూశాను. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. ఒక అరటిపండు, దానితోపాటు నాలుగైదు ఖర్జూరాలంటే 45 గ్రాముల దగ్గరకి వస్తుంది. జెల్‌లు కొనాల్సిన పని లేదు. అనకాపల్లి బెల్లం పక్కనే పెట్టుకుని ప్లాస్టిక్ పొట్లంలోని పంచదార పాకానికి అంత డబ్బు పొయ్యడం నాకు మింగుడు పడదు. బెల్లం ముక్కలు, పల్లీ ఉండలు, ఉప్పు చల్లిన ఉడికించిన చిలగడదుంప, పల్చటి చోడి జావ. మాడుగుల హల్వా పట్టుకెళ్తానని ఉత్సాహపడే మిత్రులు ఉంటారు. నెయ్యి ఎక్కువ, ఎండలో పరుగు మధ్య కడుపులో తిప్పుతుంది, అది పరుగయ్యాక. పులిహోర నడిచేటప్పుడు బాగానే వెళ్తుంది గానీ 35 దాటాక ఎండిన నోట్లో ముద్ద అటూ ఇటూ తిరుగుతుందే తప్ప గొంతు దిగదు. అప్పుడు జావ కాపాడుతుంది. ఏదైనా సరే, ఆకలి వేశాక తినడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. మొదటి అరగంటలో మొదలుపెట్టి, ప్రతి అరగంటకీ కొంచెం.

నీళ్ళ విషయంలో రెండు వైపులా గొయ్యే. మీ చెమట ఎంతో ముందు కొలవండి. గంట పరుగుకి ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. మధ్యలో ఏమీ తాగకపోతే తగ్గిన కిలో ఒక లీటరు చెమట. మన ఉక్కలో గంటకి లీటరు దాటడం వింతేమీ కాదు. అలాగని కనిపించిన చోటల్లా ఉత్త నీళ్ళు తాగుతూ పోతే రక్తంలో సోడియం పల్చబడిపోతుంది. ఉంగరం బిగుతై, వేళ్ళు ఉబ్బి, దానితోపాటు తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, మాట తడబడటం ఉంటే అది నీళ్ళు తక్కువై కాకపోవచ్చు, ఎక్కువై కావచ్చు. అప్పుడు ఇంకో సీసా తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దాహాన్ని బట్టి తాగండి, ఉప్పుతో తాగండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి, చిన్న సీసాలో పోసి చిక్కగా చేసుకుంటే కడుపు చెడుతుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిదే. బీచ్ రోడ్డులో కొబ్బరి బొండాలు బాగుంటాయి గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో మీరు పోగొట్టుకునేది సోడియం. బొండాం తాగి ఉప్పు లెక్క తీరిందనుకోకండి.

నొప్పి మాత్రలు వేసుకుని పరిగెత్తకండి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి, ఒంట్లో నీరు తగ్గి, కండరాలు నలిగి ఉన్నప్పుడు కిడ్నీల మీద పడతాయి. పరుగు తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగుతూ చూడకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి 50 ఏ ఈవెంట్‌లోనూ వద్దు, మన రోడ్డు మీదే, మీ అంతట మీరు చెయ్యండి. ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర నుంచి భీమిలి దాకా, మళ్ళీ వెనక్కి. అటూ ఇటూ కలిపి 50 దాటుతుంది. టైమింగ్ చిప్ లేదు, కటాఫ్ (గడువు) లేదు, ఫొటోగ్రాఫర్ లేడు, చుట్టూ పరిగెత్తే వెయ్యి మంది లేరు. మారథాన్‌లో ఆ జనమే మిమ్మల్ని సగం దూరం లాక్కెళ్ళారు, అది మీకూ తెలుసు. ఒంటరిగా, ఎవరూ చప్పట్లు కొట్టని రోడ్డు మీద, తిరుగు దారిలో మంగమారిపేట దగ్గర "ఇక చాలు, ఆటో ఎక్కేస్తా" అనిపించినప్పుడు ఏం చేస్తారో ముందు తెలుసుకోవాలి. దానికి ఎంట్రీ ఫీజు కట్టనక్కర్లేదు.

డిసెంబర్ చివర, లేదా జనవరి. అక్టోబర్, నవంబర్ నమ్మకండి, అవి మనకి తుఫాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ బీచ్ రోడ్డు ఎలా ఉందో చూసినవాళ్ళెవరూ ఆ నెలల్లో ఒకే తేదీ మీద ఆశ పెట్టుకోరు. రెండు ఆదివారాలు అట్టేపెట్టుకోండి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే పదిన్నరకి అయిపోతుంది. ఆ వేళ ఒంటరిగా వెళ్ళొద్దు. మొదటి పాతిక కిలోమీటర్లకి తోడుగా మీ రన్నింగ్ మిత్రులు ఇద్దరు ముగ్గురు, తలకి లైటు, వెనక మెరిసే జాకెట్టు. కుక్కలు ఉంటాయి, నడవండి, పరిగెత్తితే వెంటపడతాయి. తెన్నేటి పార్కు ఎత్తు, రుషికొండ ఎత్తు రెండూ నడకే, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. బాత్‌రూమ్‌ల సంగతి ముందే ఒకసారి బండి మీద వెళ్ళి చూసుకోండి, ఏ పెట్రోల్ బంకు ఆ వేళకి తెరిచి ఉంటుందో. ఆడవాళ్ళ లాంగ్ రన్‌లు చెడగొట్టేది చాలాసార్లు ఇదే, ప్లాన్‌లలో ఎవరూ రాయరు.

మీ ఆయన్ని ఇక్కడ పనిలో పెట్టండి. "ఇంకా ఎంత దూరం?" అన్నది నాకు ఎత్తిపొడుపులా వినపడలేదు, బెంగలా వినపడింది. దూరం పెరిగేకొద్దీ తనకి అందులో చోటు లేకుండా పోతోంది కదా. స్కూటీ డిక్కీలో జావ ఫ్లాస్కు, ఓఆర్ఎస్, అరటిపండ్లు, మేజోళ్ళు, వాసెలిన్, ఇంకో జత బూట్లు పెట్టుకుని ఆయన్ని రుషికొండలో, తొట్లకొండ కింద, భీమిలిలో నిలబడమనండి. తిరుగు దారిలో మళ్ళీ అవే చోట్లు. అదే మీ ఎయిడ్ స్టేషన్. ఆయనకి ఒక అధికారం కూడా ఇవ్వండి: అడిగినదానికి సూటిగా జవాబు చెప్పలేకపోతున్నా, తూలుతున్నా, ఎండలో వణుకుతున్నా బండి ఎక్కించెయ్యాలి, మీరు వాదించకూడదు. ఇవేవీ లేకుండా కేవలం ఏడుపు మొహంతో "నా వల్ల కాదు" అంటే మాత్రం కూర్చోబెట్టి ఏదైనా తినిపించి, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ అడగమనండి. అల్ట్రాలో నిరాశ చాలావరకు చక్కెర తగ్గడం వల్ల వచ్చేదే, తిన్నాక పోతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. ఆ ఏడు గంటలు అమ్మ దగ్గర ఎవరుంటారన్నది ఈ లిస్టులో మొదటి అంశం. అది తేలకపోతే తేదీ మార్చండి, ఫోన్ ఎప్పుడు మోగుతుందో అని చూసుకుంటూ 50 పరిగెత్తలేరు.

మోకాళ్ళ గురించి అత్తగారి వైపు వాళ్ళకి ఒక మాట. 2017లో వచ్చిన ఒక పరిశోధనల సమీక్షలో సరదాకి పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం, కూర్చుని ఉండేవాళ్ళలో 10.2 శాతం అని తేలింది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం, అది కూడా దాచకుండా చెప్పండి. మీరు మొదటి గుంపులోనే ఉంటారు.

భీమిలి వెళ్ళి వచ్చాక రెండు వారాలు పరుగు వద్దు, నడక చాలు. ఆ తర్వాత మనసు లాగితే లోనావాలాలో టాటా అల్ట్రా ఉంది, 50 కిలోమీటర్లు, సహ్యాద్రి కొండ దారి. కాఫీ తోటల మట్టి దారి కావాలంటే చిక్కమగళూరు వైపు మల్నాడ్ అల్ట్రా. మీ ఇంటి పరిస్థితికి నేనైతే ఎక్కడైనా స్టేడియంలో జరిగే 12 గంటల పరుగు ముందు చెయ్యమంటాను. 400 మీటర్ల ట్రాక్ మీద గిరగిరా తిరగడం బోరే. కానీ బాత్‌రూమ్, డాక్టర్, తిండి అన్నీ రెండు నిమిషాల దూరంలో ఉంటాయి, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఆ క్షణమే ఆపేసి బయల్దేరొచ్చు. అక్కడ 12 గంటల్లో 70 దాటితే అప్పుడు 100 గురించి మాట్లాడదాం.

కామ్రేడ్స్ ఆశ వదలకండి, తొందరా పడకండి. 1921లో మొదలైన పరుగది. 1923లోనే ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ ఎంట్రీ ఇవ్వకపోయినా పరిగెత్తి పూర్తి చేసింది. ఆడవాళ్ళని అధికారికంగా రానివ్వడానికి 1975 దాకా పట్టింది. దాదాపు 90 కిలోమీటర్లు, 12 గంటలు. టైము అవగానే తుపాకీ పేలుతుంది, గీతకి నాలుగడుగుల దూరంలో ఉన్నా లెక్కలోకి రాదు. మీ ఇప్పటి వేగానికి అది అందదు. రెండు మూడేళ్ళలో మారథాన్ టైము తగ్గించుకుంటే అందుతుంది.

ఈ వారం చెయ్యాల్సింది ఒక్కటే. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి, బీపీ చూపించుకుని ఒక ఈసీజీ కూడా తీయించుకోండి. ఈ వయసులో ఎక్కువ దూరం పరిగెత్తే ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఐరన్ నిల్వ మాత్రం అడుగంటి ఉండటం మామూలు. అది నిద్రలేమి అలసటలాగే ఉంటుంది, మీరు నిద్రలేమే అనుకుని ఊరుకుంటారు. ఫెరిటిన్ తక్కువని తేలితే డాక్టర్ చెప్పిన మందు వాడి, అది పెరిగేదాకా వారానికి మూడు పొద్దులు తేలిక పరుగుతో సరిపెట్టుకోండి. రెండో శనివారం, నాలుగో శనివారం ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు.